గాజుపలకలో మూడు చుక్కలు

“వేలిముద్రల ఆఫీసులో పనిచేసి రిటైరయ్యారట కదా మేడమ్. హాయిగా ఇంట్లో కూర్చోక ఈ తలనొప్పి మీకెందుకు?” అన్నాడు సర్కిల్ ఇన్‌స్పెక్టర్ బాలశౌరి.

“తలనొప్పి నాకు ఎప్పట్నుంచో ఉంది. ఇవాళ మీరు దానికి తోడయ్యారు,” అన్నాను.

తిరువూరు పోలీస్ స్టేషన్‌లో అతని బల్ల ముందు రెండు కుర్చీలుంటే ఒకదాంట్లో ఫైళ్ళు పెట్టుకున్నాడు, రెండోదాంట్లో తన టోపీ. టోపీ తీసి ఫైళ్ళ మీద పెట్టి నేను కూర్చున్నాను. నా పేరు సుధామయి. బెజవాడలో చిన్న డిటెక్టివ్ ఆఫీసు నడుపుతాను. ఆడమనిషిని నిలబెట్టి మాట్లాడేవాళ్ళంటే నాకు ఒళ్ళు మంట.

నిన్న మధ్యాహ్నం నెమలి ఊళ్ళోని వేణుగోపాలస్వామి గుడి అర్చకులు దత్తాత్రేయులు గారు నా ఆఫీసుకి వచ్చారు. ఇచ్చిన కాఫీ చల్లారిపోయింది గానీ ఆయన ముట్టుకోలేదు. “మా అనఘ దొంగ కాదమ్మా. మనిషిని కొట్టే పిల్ల అసలే కాదు. రేపు సాయంత్రానికల్లా జైలుకి పంపేస్తారేమోనని భయంగా ఉంది,” అన్నారు. ఆయన కళ్ళలో నీళ్ళు చూశాక కేసు పుచ్చుకోకుండా ఉండలేకపోయాను. కూతురి గురించి అంత ఖచ్చితంగా చెప్పే తండ్రిని నమ్మాలనిపించింది, నమ్మాను.

కేసు ఇది. బుధవారం సాయంత్రం కరెంటు పోయిన వేళ, సీతారామాంజనేయులు గారి పత్తి జిన్నింగు మిల్లు ఆవరణలో ఉన్న ప్రయోగశాలలో, రామనాథ్ అనే ఫిజిక్సు మాస్టారిని ఎవరో ఇనపకడ్డీతో తలమీద కొట్టారు. ఆయన తయారుచేసిన గాజుపలక మాయమైంది. గురువారం పొద్దున ఒక పలక ఆయన అసిస్టెంటు అనఘ స్కూటర్ డిక్కీలో దొరికింది. రామనాథ్ బెజవాడ ఆసుపత్రిలో స్పృహ లేకుండా ఉన్నాడు. ఇవాళ శుక్రవారం. సాయంత్రం అనఘని మేజిస్ట్రేటు ముందు పెట్టి రిమాండుకి పంపుతామని బాలశౌరి తీర్మానించేశాడు. రామనాథ్ నోరు విప్పితే నిజం తెలుస్తుంది. ఆయన విప్పేలోగా ఈ పిల్ల బతుకు మీద మచ్చ పడిపోతుంది.

“పిల్లతో మాట్లాడాలి,” అన్నాను.

“మాట్లాడండి. మీతోనన్నా నిజం చెబుతుందేమో.”

అనఘ పక్కగదిలో బెంచీ మీద కూర్చుని ఉంది. ఎమ్మెస్సీ చదివిన పిల్ల. కళ్ళు ఉబ్బి ఉన్నా తల వంచుకోలేదు. అది నాకు నచ్చింది.

“పలక నీ బండిలోకి ఎలా వచ్చింది?”

“తెలీదండి. మాస్టారిని కొట్టారని తెలిసి పొద్దున్నే పరుగెత్తుకొచ్చాను. తాళంచెవి బండికే వదిలేశాను. ఎవరైనా పెట్టి ఉండొచ్చు.”

“ప్రయోగశాల రెండో తాళం నీ దగ్గరే ఉంది కదా?”

“ఉందండి. కానీ బుధవారం నేను కరెంటు పోకముందే ఇంటికెళ్ళిపోయాను. మా నాన్నగారిని అడగండి.”

“తండ్రి సాక్ష్యాన్ని ఏ కోర్టు పట్టించుకుంటుంది? సరే, అసలు ఆ పలక దేనికి? నాకు అర్థమయ్యేలా చెప్పు.”

పిల్ల గొంతు మారింది. భయం పోయి పని మాట్లాడే మనిషి గొంతు వచ్చింది. “దీన్ని వేవ్‌గైడ్ అంటారండి. కాలవ నీళ్ళని పారించినట్టు ఇది వెలుతురుని పారిస్తుంది. పలక అంచులో బొమ్మ తాలూకు వెలుగు పెడితే అది లోపల గోడలకి కొట్టుకుంటూ వెళ్ళి కంటి ముందు బయటికొస్తుంది. కళ్ళజోడుకి ఇది బిగిస్తే ఎదురుగా ఉన్నవి ఉన్నట్టే కనబడతాయి, వాటి మీద బొమ్మలూ అక్షరాలూ తేలతాయి. ఆపరేషన్ చేసే డాక్టరు తల తిప్పకుండానే రోగి నాడి ఎలా ఉందో చూసుకోవచ్చు. గాజు మీద పూసే జిగురులోనే ఉందండి కిటుకంతా. మాస్టారు రెండువేల ఆరులో మొదలుపెట్టారు. నేను చేరి ఏడాదే.”

“ఇలాంటి పలకలు ఎన్నున్నాయి?”

“ఒక్కటే. సరిగ్గా రానివాటిని మాస్టారు అప్పటికప్పుడే సుత్తితో పగలగొట్టేస్తారు. ముక్కలు కూడా బయటికి పోకూడదని డ్రమ్ములో వేయిస్తారు. ఆ ముక్కలు ఎత్తేది నేనే.”

“మరి ఎవరికన్నా ఆయన మీద కోపం ఉందా?”

“కోపమని కాదు గానీ, జిగురు ఎలా చేయాలో పత్రికలో అచ్చు వేయిస్తానన్నారు మాస్టారు. పదిమందికీ పనికొస్తుందని. సీతారామాంజనేయులు గారు ఇంకొన్నాళ్ళు ఆగమన్నారు. ఆయనే కదండి పెట్టుబడి పెట్టింది. కాస్త మాటామాటా అనుకున్నారు, అంతే.”

అంతలో ఆ సీతారామాంజనేయులు గారే స్టేషన్లోకి వచ్చారు. తెల్లచొక్కా, చేతిలో టిఫిన్ కారియర్. “అమ్మాయికి మా ఆవిడ ఇడ్లీలు పంపించిందండి. తప్పు చేసినా చేయకపోయినా ఆకలి ఆకలే కదా,” అన్నారు. తర్వాత నావైపు తిరిగి, “నేను బెజవాడ వెళ్తున్నానండి. రామనాథ్ కనురెప్పలు కదుపుతున్నాడని నర్సు ఫోన్ చేసింది. కళ్ళు తెరిచేసరికి మనవాళ్ళెవరన్నా పక్కనుండాలి కదా,” అన్నారు.

మంచిమనిషే అనుకున్నాను. థాంక్స్ కూడా చెప్పాను.

ఆయన కారు వెళ్ళిపోయాక బాలశౌరి చెప్పాడు. “ఆ పెద్దాయన వల్లే కేసు తేలింది మేడమ్. ఆవరణలో ఉన్న బండ్లన్నీ వెతకమని ఆయనే అన్నాడు. ముందు తన కారే తెరిచి చూపించాడు.”

“ఆసుపత్రిలో రామనాథ్ దగ్గర మీ కానిస్టేబుల్ ఉన్నాడుగా?”

“పొద్దున్నే వెనక్కి పిలిపించాను. కొట్టినమనిషి లాకప్పులో ఉంటే అక్కడ కాపలా ఎందుకు?”

“కొట్టింది ఈ పిల్లే అని మీరనుకుంటున్నారు. అది నిజం కాకపోతే?”

“డిక్కీలో సరుకు దొరికింది. ఇంకేం కావాలి?”

“ఆ సరుకు అసలుదే అని ఎవరు తేల్చారు?”

“సీతారామాంజనేయులు గారు గుర్తుపట్టారు.”

“పత్తి వ్యాపారి గుర్తుపట్టాడు, బాగుంది. దాన్ని చేసిన చేతులు పక్కగదిలో ఉన్నాయి. ఆ పిల్లకి చూపించారా?”

“దొంగని అడిగి దొంగసొత్తు గుర్తుపడతామా మేడమ్?”

“నన్నూ అడగక, ఆ పిల్లనీ అడగక, మీ అంతట మీరే అన్నీ తేల్చుకుంటే ఇక కోర్టు ఎందుకు? పలకనీ పిల్లనీ ప్రయోగశాలకి తీసుకురండి. అది అసలుదని తేలితే నేను ఈ కేసు వదిలేసి బస్సెక్కుతాను. మళ్ళీ మీ కంటికి కనబడను.”

అది అతనికి నచ్చింది. “జ్ఞానమణీ, జీపు తీయమను,” అని ఆడ కానిస్టేబుల్‌కి చెప్పి పైకి లేచాడు.

పలకని బయటికి తీసే కాగితాలన్నీ రాసి మేం మిల్లు చేరేసరికి గంటన్నర పట్టింది. ప్రయోగశాల ఒకప్పుడు పత్తిగింజలు పోసుకునే గది. దూది దుమ్ము లోపలికి రాకుండా కిటికీలు మూసి అంచులకి టేపు అంటించారు. గుమ్మం పక్కన రబ్బరుచెప్పులు పెట్టుకునే చిన్న అర ఉంది. బయటి చెప్పులతో ఎవర్నీ లోపలికి రానీయరని అనఘ చెప్పింది. అరలో ఆమె చెప్పులు ఉన్నాయి, శుభ్రంగా. మాస్టారి చెప్పులు ఆసుపత్రికి వెళ్ళేటప్పుడు ఆయన కాళ్ళకే ఉన్నాయట. వచ్చేపోయేవాళ్ళ కోసం ఉంచిన మూడో జత అరలో లేదు.

వంగి వెతికితే బల్ల కింద, గోడవారన దొరికాయి. ఒక చెప్పు మీద గోధుమరంగు చుక్క ఎండిపోయి ఉంది.

“ఇది మీ పంచనామాలో రాశారా?” అన్నాను.

బాలశౌరి వంగి చెప్పుని చూశాడు.

“కొట్టినమనిషి బయట తన చెప్పులు విడిచి, ఇవి తొడుక్కుని, మర్యాదగా లోపలికొచ్చాడు. దొంగతనానికొచ్చిన కొత్తవాడు అలా చేయడు. ఈ పిల్లకైతే తన చెప్పులు తనకున్నాయి. వచ్చింది ఈ గది పద్ధతి తెలిసిన అతిథి.”

“అనుమానం రాకుండా ఈ అమ్మాయే వేరే చెప్పులు వేసుకుని ఉండొచ్చు.”

“ఉండొచ్చు. కందకు లేని దురద కత్తిపీటకి ఎందుకని ఊరుకోమంటారా? ఊరుకోను. పలక ఇవ్వండి.”

పోస్టుకార్డంత పలక. జేబురుమాలులోంచి తీసి బొటనవేలితో నొక్కిపట్టి ఇచ్చాడు. పైకి చూస్తే పల్చటి తేనెరంగు గాజు, అంతే. అది జిగురు రంగేనని అనఘ చెప్పింది. బల్ల మీద పలకని నిలబెట్టే చట్రం ఉంది, దాని పక్కన నీలం దీపం. జిగురులో లోపాలుంటే కనబడేందుకు వాడే దీపం అట. అనఘ పలకని చట్రంలో బిగించి, దీపాన్ని అంచుకి ఆనించి, గదిలో లైటు ఆర్పింది.

అవతలి అంచు సన్నగా వెలిగింది. పలక మధ్యలో మాత్రం ఒక బొటనవేలి ముద్ర, గీతగీతా లెక్కపెట్టేంత స్పష్టంగా, నీలంగా మెరుస్తోంది.

“దొరికాడు,” అన్నాడు బాలశౌరి, ముందుకు వంగి. “ఎవరిది మేడమ్ అది?”

“మీది. ఇందాక పట్టుకున్నారుగా.”

జ్ఞానమణి దగ్గు వచ్చినట్టు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. పాతికేళ్ళు పౌడర్లు చల్లి ముద్రలు తీసినదాన్ని, నాకే ఆశ్చర్యం వేసింది. లోపల పారే వెలుగు గోడ దాటి రాదు, కానీ పైన దేనికైనా తడీ జిడ్డూ అంటితే అక్కడ కారిపోతుందని అనఘ చెప్పింది.

“తుడువు,” అన్నాను.

స్పిరిట్ తడిపిన గుడ్డతో రెండువైపులా తుడిచింది. సర్కిల్ గారి బొటనవేలు మాయమైంది. కానీ పలక ఖాళీ కాలేదు. మూడు చుక్కలు మిగిలాయి. పైన మధ్యలో ఒకటి, కింద పక్కపక్కన రెండు. అవి నీలంగా లేవు, పచ్చగా మెరుస్తున్నాయి. అనఘ మళ్ళీ తుడిచింది. పోలేదు.

“ఇది మా పలక కాదండి,” అంది. “బుధవారం మధ్యాహ్నం నేనూ మాస్టారూ ఇదే దీపం కింద చూశాం. ఒక్క చుక్క లేదు. ఉంటే బొమ్మ చెడిపోతుంది. ఇది పాత రకం జిగురు కూడా.”

“పగలగొట్టనిది ఒక్కటి కూడా లేదన్నావు కదా. మరి ఇది ఎక్కడిది?” అన్నాడు బాలశౌరి.

“అదే నాకూ తెలీడం లేదండి.”

నేను చుక్కల్నే చూస్తున్నాను. గుడ్డకి రావడం లేదంటే పైన లేవు, జిగురులోకి దిగిపోయాయి. నీలం దీపం కింద పచ్చగా మెరిసేది, జిగురులోకి దిగేది. మా వంటింట్లో ప్లాస్టిక్ గరిటె గుర్తొచ్చింది. ఎంత తోమినా పోని మరక.

“పసుపు,” అన్నాను. “ఒకసారి పడితే ఇంత దిగదు. నెలల తరబడి, పెట్టినచోటే మళ్ళీమళ్ళీ పెట్టారు. ఇన్‌స్పెక్టర్ గారూ, పటానికి బొట్టు ఎక్కడ పెడతారు?”

“మా ఇంట్లో పటాలకి బొట్లు పెట్టరు మేడమ్,” అన్నాడు బాలశౌరి. అందులో వెటకారం లేదు, నిజంగానే తెలీదు.

అర్చకుడి కూతురు చెప్పింది. “నుదుటికి ఒకటి. పాదాలకి రెండు.”

ఎవరి దేవుడి పటానికో ఈ పలక అద్దంగా ఉండేది. దాన్ని ఊడదీసి, తుడిచి, పిల్ల డిక్కీలో పడేశాడు. పైకి శుభ్రంగా కనబడేసరికి సరిపోయిందనుకున్నాడు.

“ఈ ఆవరణలో పటాలు ఎక్కడున్నాయి?”

“మిల్లు ఆఫీసులో ఒకటుందండి,” అంది అనఘ. “నేను ఎప్పుడూ దగ్గరగా చూడలేదు.”

యజమాని ఊళ్ళో లేడని మిల్లు ఆపేశారు. ఆఫీసు గదిలో ఇందిరాదేవి గారు ఉన్నారు, సీతారామాంజనేయులు గారి భార్య. తలంటుకుని, పసుపు కుంకుమల పళ్ళెం పట్టుకుని గోడ ముందు నిలబడి ఉన్నారు. ఎదురుగా పోస్టుకార్డంత పటంలో నెమలి వేణుగోపాలస్వామి.

“రండమ్మా. శుక్రవారం కదా, స్వామికి బొట్టు పెట్టి వస్తాను, కూర్చోండి,” అన్నారు. అనఘని చూసి, “ఇడ్లీలు తిన్నావా తల్లీ?” అని అడిగారు. ఆ అడగడంలో నటన లేదు.

పటం అద్దం మీద ఒక్క మరక లేదు. చట్రం పాతది, అంచులకి కొట్టిన మేకులు కొత్తవి, ఇంకా తళతళలాడుతున్నాయి.

“అద్దం కొత్తదా అమ్మా?” అని మామూలుగా అడిగాను.

“అవునండి. మొన్న బుధవారం రాత్రి ఆయనే మార్చారు. పాతదానికి పసుపు మరకలు పట్టాయన్నారు. నాకేమీ కనబడలేదు మరి, నా చత్వారం కళ్ళకి ఏం తెలుస్తుంది.”

“పాతది ఎక్కడ కొన్నారు?”

“కొనలేదమ్మా. రామనాథ్ ఇచ్చిందే. మా మామిడితోటలో మొదటి కాపు స్వామికి పెట్టందే ఎవరం నోట్లో వేసుకోం. అలాగే ఈ పనిలో మొదట తయారైన పలక స్వామిదే అని ఆయన పట్టుబట్టి అడిగి తీసుకున్నారు. రామనాథ్ పగలగొట్టబోతుంటే చెయ్యి పట్టుకుని ఆపారట. అప్పట్నుంచి ప్రతి శుక్రవారం నేనే బొట్టు పెడుతున్నాను.”

పగలగొట్టకుండా మిగిలిన పలక అదొక్కటే. ఆ సంగతి రామనాథ్‌కి తెలుసు, ఈవిడకి తెలుసు, ఈవిడ భర్తకి తెలుసు. ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఈశ్వరుడి సంగతేమో గానీ, పెళ్ళాం పెట్టిన బొట్టు పట్టించింది.

నాకు చెప్పాలని లేదు. కానీ అనఘ నా పక్కనే ఉంది, ఆమె తండ్రి స్టేషన్ బయట ఎండలో నిలబడి ఉన్నాడు. బాలశౌరి చేతిలోంచి పలక తీసుకుని పటం మీద ఆనించాను. నీలం దీపం అనఘ తెచ్చింది. అంచుకి పెట్టి వెలిగించింది.

పై చుక్క స్వామి నుదుటి మీద పడింది. కింది రెండూ పాదాల మీద పడ్డాయి. వెంట్రుకవాసి తేడా లేదు.

ఇందిరాదేవి గారు చాలాసేపు చూశారు. తర్వాత పళ్ళెం బల్ల మీద పెట్టి, పక్కనున్న కుర్చీలో నెమ్మదిగా కూర్చున్నారు. “ఇది అనఘ బండిలో దొరికింది కదా,” అన్నారు.

“అవునమ్మా.”

“బుధవారం రాత్రి ఆయన చొక్కా బాయిలరులో పడేశారు. నూనె మరకన్నారు. ఇవాళ వెళ్తూ స్వామికి దండం పెట్టుకోలేదు. ముప్పై ఏళ్ళలో ఎప్పుడూ అలా వెళ్ళలేదమ్మా. రామనాథ్ గురించి బెంగలో ఉన్నారనుకున్నాను.” అనఘ వైపు తిరిగారు. “నా చేత్తో నీకు ఇడ్లీలు పంపించాడే తల్లీ.”

అనఘ ఆవిడ పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుంది.

బాలశౌరి ముఖం చూడాలి. టోపీ తీసి మళ్ళీ పెట్టుకున్నాడు. “ఆయన బెజవాడ ఎందుకెళ్ళాడో…” అని సగంలో ఆగాడు.

“రామనాథ్ కనురెప్పలు కదుపుతున్నాడని విని వెళ్ళాడు. నిజం చెప్పగలిగిన మనిషి ఆయనొక్కడే. కాపలా తీసేసింది మీరు. ఇప్పుడు నాతో వాదించకుండా బెజవాడ పోలీసులకి ఫోన్ చేయండి.”

వాదించలేదు. సెల్‌ఫోన్ చెవికి పెట్టుకుని కిటికీ దగ్గరికి వెళ్ళి గొంతు తగ్గించి మాట్లాడసాగాడు. ఆసుపత్రి పేరు, గది నెంబరు, వెంటనే మనిషిని పంపండి అంటున్నాడు.

అప్పుడే బల్ల మీద ఆఫీసు ఫోన్ మోగింది. నేను ఇందిరాదేవి గారికి సైగ చేశాను. ఆవిడ రిసీవరు ఎత్తి మా ఇద్దరి చెవుల మధ్య పట్టుకున్నారు.

“ఇందిరా, నేనే,” అంది సీతారామాంజనేయులు గారి గొంతు. శాంతంగా ఉంది. “రామనాథ్ కళ్ళు తెరిచాడు. నన్ను చూసి ఏదో చెప్పాలని చూస్తున్నాడు, మాట రావడం లేదు. నర్సుని మందులకి పంపాను. గదిలో మేమిద్దరమే ఉన్నాం. అక్కడ పోలీసులు ఏమంటున్నారు?”

మాట్లాడుతూనే ఉండమని చేత్తో చెప్పాను. పోలీసులు చేరేదాకా ఆ మనిషి ఫోన్ పట్టుకుని ఉంటే చాలు. ఏదో ఒకటి, మిల్లు గురించో, అన్నం గురించో మాట్లాడితే చాలు. ఆవిడ పెదవులు కదిలాయి. కళ్ళు మాత్రం పటం మీదే ఉన్నాయి.

“ఏమండీ,” అన్నారు, ఎప్పుడూ పిలిచే పిలుపుతోనే. “స్వామికి బొట్టు పెడుతున్నాను. పాత అద్దం ఏం చేశారు?”

నేను ఆవిడ మణికట్టు పట్టుకున్నాను. అప్పటికే ఆలస్యమైంది. అవతల ఊపిరి తప్ప ఏమీ వినబడలేదు. తర్వాత ఫోన్‌ని దేనిమీదో పెట్టిన చప్పుడు. అడుగులు. తలుపు మూసుకున్న చప్పుడు.

ఆ తర్వాత లోపలి నుంచి గడియ వేసిన చప్పుడు.